మూడుసార్లు లాగితే

హలో… ఆ, నేనే వదినా, మీ మరదల్ని.

బాగానే ఉన్నాం… ఇద్దరం ఒడ్డునే ఉన్నాం. ముందా మాట చెప్పాలి కదా మీకు.

అయ్యో, కంగారు పడకండి. కూర్చోండి ముందు… స్టవ్ కట్టేసి రండి, ఆగుతా.

…

ఆ. గది బయట ఉన్నా. వరండా చివర, తడి తువ్వాళ్ళు ఆరేసే తీగ దగ్గర. మీ తమ్ముడు లోపల పడుకున్నారు. నిద్ర కాదు, ఊరికే పడుకున్నారు. తలుపు ఓరగా వేసి వచ్చా. ఇక్కణ్ణించి ఆయన కాళ్ళు కనబడుతున్నాయి.

ఏం చెప్పను వదినా… కొరివితో తల గోక్కున్నా.

అదే, పొట్టోడు పోయినప్పట్నించీ ఈయన సముద్రం వైపు కన్నెత్తి చూడలేదు కదా. మీ ఇద్దరి ముద్దుల తమ్ముడు ఓడ మీంచి పడిపోయాడన్నారు, శవం కూడా దొరకలేదన్నారు… ఆరేళ్ళయింది. టీవీలో అల కనబడినా ఛానల్ మార్చేస్తారు. భయం పోవాలంటే భయపడే చోటికే తీసుకెళ్ళాలని ఆఫీసులో ఎవరో అంటే నమ్మి, సెలవులకి ఇక్కడికి లాక్కొచ్చా. నడిసముద్రంలో చేపలు పట్టించే బోటు కూడా నేనే మాట్లాడా…

ఆయన వద్దనలేదు వదినా. కాదంటే మానేసేదాన్ని. "సరే, చూద్దాం" అన్నారు. ఎంత సంతోషించానో.

ఇద్దరికీ ఇదే మొదటిసారి… గాలం ఎటు పట్టుకోవాలో కూడా తెలీదు. బోటు నడిపే ఆయన, ఇంజను చూసే ఆయన, మేమిద్దరం. ఒడ్డు కనబడకుండా పోయేసరికి నేను రాత్రి తిన్నది కూడా బయటికొచ్చింది. నవ్వండి, పరవాలేదు… ఈయనకి మాత్రం ఏమీ కాలేదు. పుట్టి పెరిగింది అక్కడే అన్నట్టు నిలబడ్డారు.

అదే చెప్తున్నా, ఆగండి… ఇంజను ఆపి బోటుని నీళ్ళకి వదిలేశారు. గాలానికి సీసం గుండు కడతారు. అది అడుగుకి తగిలేదాకా దారం వదులుతూనే ఉండాలి. ఎంతకీ తగలదు. అంత లోతుంటుందని నేననుకోలేదు వదినా. తగిలాక దారం చుట్టిన చక్రాన్ని కొంచెం తిప్పి పైకి లాగి, దారం మీద వేలు పెట్టి కూర్చోమన్నారు. చేప కొరికితే ముందు తెలిసేది వేలికేనట.

కాసేపటికి గాలం కర్ర కొస వంగింది. రెండుసార్లు. ఆగింది. బోటాయన "తిప్పండి, తిప్పండి" అంటున్నాడు. ఈయన తిప్పరే… దారాన్ని వేలితో ఒక్కసారి లాగి వదిలారు. మళ్ళీ కింద నుంచి రెండు. మళ్ళీ ఈయన ఒకటి. పెదాల మీద నవ్వు కూడా ఉంది. నాకు ముద్దొచ్చింది, నిజం చెప్పొద్దూ. మనిషి తేలికపడ్డాడనుకున్నా…

హలో? వదినా? లైన్లో ఉన్నారా?

ఆ… చిన్న చేపలు ఎర కొరుకుతాయి, అలాగే ఉంటుందన్నాడు బోటాయన. నేనూ సరే అనుకున్నా. కానీ ఎంతసేపు? ఈయన పైకి తియ్యరు, ఇంకొకరిని ముట్టుకోనివ్వరు. చివరికి గాలం రాళ్ళలో ఇరుక్కుందనుకుని బోటాయన కత్తి తీసి దారం తెంచేశాడు.

అప్పుడు మీ తమ్ముడు అరిచారు వదినా… పదకొండేళ్ళ కాపురంలో ఆ గొంతు నేను వినలేదు.

ఒకటే మాట. "వాడు రమ్మన్నాడు. రమ్మంటుంటే తెంచేశారు." ఎవరు రమ్మన్నారండీ అంటే వంగి నీళ్ళలోకే చూస్తున్నారు. ఏ ఊరైతే ఏం, సముద్రమంతా ఒకటే నీళ్ళు కదా అని మాత్రం అన్నారు, దార్లో…

దిగాక బోటాయనతో రేపు పొద్దున్నే మళ్ళీ వస్తానని మాట్లాడుకున్నారు. ఒక్కరే వెళ్తారట. నన్ను రావద్దన్నారు.

అదీ నా భయం. రేపు వెళ్తే తిరిగొస్తారని నాకు నమ్మకం లేదు వదినా. నాకెవరున్నారు చెప్పండి ఆయన తప్ప…

నా మాట చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. మీరు పెంచిన మనిషి, మీ మాటైతే వింటారు. గట్టిగా ఒక్క కేక వెయ్యండి. అందుకే చేశా.

ఇప్పుడా? ఏం చెయ్యట్లేదు… తెగిన దారం ముక్క తెచ్చుకున్నారు. ఒక కొస కిటికీ చువ్వకి కట్టారు. ఇంకో కొస…

ఆ. కాలి బొటనవేలికే.

మీకెలా తెలుసు?

…

వదినా… నెమ్మదిగా చెప్పండి. ఏడుస్తూ చెప్తే నాకు అర్థం కావట్లేదు.

చిన్నప్పుడు మీ ముగ్గురికీ ఒకటే గది… ఆ. మధ్యలో మీ మంచం. పొట్టోడికి చీకటంటే భయం… ఆ, నాకు తెలుసు, ఆరడుగులు పెరిగాక కూడా లైటు వేసుకునే పడుకునేవాడు…

ఇద్దరి బొటనవేళ్ళకీ దారమా? మీ దుప్పటి మీదుగానా…

రెండు లాగితే, "మెలకువగా ఉన్నావా." ఒకటి లాగితే, "ఉన్నా, పడుకో."

అమ్మో.

నాకెప్పుడూ చెప్పలేదు… ఒక్కసారి కూడా. పొట్టోడి మాటెత్తితే లేచి వెళ్ళిపోయేవారు, నేనేం అడుగుతాను?

మరి మూడు? మూడుసార్లు లాగితే ఏంటి?

ఎందుకంటే ఆఖర్న మూడు వచ్చాయి. తెంచేముందు.

చెప్పండి వదినా… పరవాలేదు, చెప్పండి.

"భయమేస్తోంది, నా దగ్గరికి రా."

…

ఉన్నా. వింటున్నా.

లేదు, ఈయన జవాబివ్వలేదు. అప్పటికే తెగిపోయింది…

ఏం మాట వదినా అది? ఎదురుచూస్తూ ఉంటాడా? ఆపమని నేను ఫోన్ చేస్తే మీరూ ఆయనలాగే మాట్లాడితే నేనెవరికి మొరపెట్టుకోను? పొట్టోడు మీకెంతో నాకూ అంతే. కొత్తగా మీ ఇంటికి వచ్చినప్పుడు నన్ను కూర్చోబెట్టి కబుర్లు చెప్పింది వాడొక్కడే. కానీ నాకు ఈ గదిలో ఉన్న మనిషి కావాలి వదినా.

వినండి. ఒక పని చెయ్యండి…

మూడంటే "రా" కాదని చెప్పండి.

అవును, అబద్ధమే. నిద్రొచ్చేస్తోంది, ఇక లాగకు, పడుకుంటున్నా… మూడంటే అదని చెప్పండి. చిన్నవాడివి, నువ్వు మర్చిపోయావు, నా దుప్పటి మీదుగా పోయేది దారం, నాకు తెలుసు అనండి. మీరు అందరికంటే పెద్ద. మీరు చెప్తే నమ్ముతారు.

తెలుసు… పోయినవాడి మీద అబద్ధం చెప్పిస్తున్నానని నాకు తెలుసు. పాపమైతే నాకే రానివ్వండి.

పొట్టోడికి నేనేం జవాబు చెప్పుకోనని మీరంటే నేనేం అనను వదినా… వాడికి వదినని, నేను కూడా చెప్పుకోవాల్సిందే.

కళ్ళు తుడుచుకోండి. గొంతు సర్దుకోండి. ఏడ్చినట్టు తెలిస్తే పట్టేస్తారు… నీళ్ళు తాగండి.

వెళ్తున్నా. తలుపు తీస్తున్నా.

ఏవండీ… ఇటు చూడండి. మీ అక్క. నాతో కాదు, మీతోనే మాట్లాడాలట. ఇదిగో…

…

…

పడుకునే మాట్లాడండి, లేవకండి…

…

ఇవ్వండి, నేను పట్టుకుంటా ఫోన్. సరే, సరే, మీరే పట్టుకోండి.

…

…

హలో… ఆ, నేనే. ఫోన్ నా చేతిలో పెట్టేశారు. ఆగండి, బయటికి వస్తున్నా…

ఆ, చెప్పండి.

విన్నారు వదినా. మొత్తం విన్నారు. "అక్కకి గుర్తుందట, మూడంటే పడుకుంటున్నా అనట" అని నాకే చెప్పారు, నాకేదో తెలీనట్టు. "అయితే వాడు పడుకున్నాడన్నమాట" అన్నారు. దారం విప్పుకున్నారు. వేలి మీద ఎర్రగా చార పడింది, నేను కాస్త రుద్దా. గోడ వైపు తిరిగారు… నిద్రపోయారనుకుంటా. ఊపిరి సమంగా ఉంది.

రేపు బోటు వద్దని బోటాయనకి నేను చెప్తా. పొద్దున్నే బయల్దేరి మీ దగ్గరికే వచ్చేస్తాం.

మీరు చాలా చేశారు. ఎంత కష్టమో నాకు…

ఊరుకోండి వదినా. ఊరుకోండి. మీరే అలా అయిపోతే ఎలా…

అవి చేపలే అయ్యుంటాయంటారా?

అలాగే అనుకోండి. మీకు మనశ్శాంతి అయితే అలాగే అనుకోండి.

నేనా… నేనేమనుకుంటే ఏంలెండి.

…

అడక్కండి వదినా.

…

ఎవర్నీ ముట్టుకోనివ్వలేదన్నా కదా… ఆ చివర్న మాత్రం నన్ను కర్ర పట్టుకోనిచ్చారు. ఆయన వేలు పక్కనే నా వేలు పెట్టా, దారం మీద.

చేపైతే గింజుకుంటుందట కదా. అది గింజుకోలేదు. నెమ్మదిగా… ఒకటి. మళ్ళీ ఒకటి. మళ్ళీ ఒకటి.

నాకు అర్థమేం తెలుసు వదినా? దారం సంగతే తెలీదు. మీరిప్పుడు చెప్తే కదా తెలిసింది… కానీ నేను లేచి బోటు అంచు దాకా వెళ్ళా. ఒక కాలు బయట పెట్టా. ఇంజను చూసే ఆయన జబ్బ పట్టి వెనక్కి లాగాడు. రాళ్ళలో ఇరుక్కుందని మీకు చెప్పింది అబద్ధం, బోటాయన దారం తెంచింది నన్ను చూసే.

ఆయన కళ్ళు దారం మీదే ఉన్నాయి, ఆయనకి తెలీదు. చెప్పకండి.

ఉంటా వదినా… లోపల కదులుతున్నారు.