ఖాళీ గదిలోంచి తిరిగొచ్చిన పళ్లెం

1993 ఆగస్టు 9వ తేదీన, పత్తి చేల నడుమ అప్పుడే గోడలు లేస్తున్న మన ఆహార సాంకేతిక కళాశాలలో నేడు పదవీ విరమణ చేస్తున్న శాఖమూరి కోటేశ్వరి గారు సహాయ ఆచార్యులుగా బాధ్యతలు స్వీకరించారు. వినుకొండ దగ్గరి రైతు కుటుంబంలో జన్మించి, కళ్లంలో మిరపకాయలు ఎండబోస్తూ చదువుకున్న ఆమెను, "వంట నేర్చుకోడానికి యూనివర్సిటీ ఎందుకే?" అని ఊళ్లోవాళ్లు ఆటపట్టించేవారట. ఎండుమిరపలో కంటికి కనబడని బూజు విషంపై పరిశోధించి ఆమె డాక్టరేటు పొందిన నాడు ఆ నోళ్లు మూతపడ్డాయి.

అనంతరం శాఖాధిపతిగా ఆమె నెలకొల్పిన రుచి పరీక్షా విభాగం మన కళాశాలకు విశేష కీర్తిని ఆర్జించి పెట్టింది. అక్కడ వరుసగా చిన్న గదులు. గదికొక్కరు, ఎదుట పళ్లెం అందించే కిటికీ. కూర రంగు చూసి మనసు మొగ్గకుండా అంతటా ఎర్రదీపాలు. ఎవరూ మాట్లాడకూడదు; పదార్థం పనికిరాదనిపిస్తే చెంచాను పళ్లెంలో బోర్లించి వెనక్కి నెట్టాలి.

నేడు మన సహోద్యోగి అయిన జాస్మిన్ గారు అప్పట్లో చివరి సంవత్సరం విద్యార్థిని. సంచుల్లో సీలు వేసి, ఆవిరిలో ఉడికించి, నెలల తరబడి నిల్వ ఉండేలా చేసిన కోడికూర ఆమె ప్రాజెక్టు. తోటి విద్యార్థులు గదుల్లో కూర్చున్నారు. కంగారులో ఆమె, మనిషి లేని చివరి గది కిటికీలో కూడా ఒక పళ్లెం పెట్టారు. కోటేశ్వరి గారు మందలించేలోగా ఆ పళ్లెం మెల్లగా వెనక్కి జరిగి వచ్చింది. చెంచా బోర్లించి ఉంది.

కోటేశ్వరి గారు వెళ్లి తలుపు తెరిచారు. ఖాళీ కుర్చీ. ఎర్రటి వెలుగు. పక్క గదుల్లో పిల్లలు చెంచాలు ఎత్తబోతున్న సంగతే ఆమెకు తట్టింది.

"ఎవ్వరూ నోట పెట్టొద్దు! దించండి!"

"మేడమ్, నా డిగ్రీ..." అన్నారు జాస్మిన్ గారు.

"డిగ్రీ మళ్లీ తెచ్చుకోవచ్చే తల్లీ."

అటెండరు రంజాన్ నవ్వబోయి, "ఎలకేమోనండీ," అన్నాడు.

"ఎలకే అనుకో. చెంచా బోర్లించే ఎలక మాట నేను వింటా."

సంచులను ఎండలోకి తెచ్చాక అసలు విషయం బయటపడింది. ఎర్రదీపాల కిందే సీలు వేయడంతో, అంచుల్లో ఇరుక్కుని సీలు సరిగా అతకనివ్వని కారప్పొడి ఎవరి కంటా పడలేదు; ఆ సందుల్లోంచి క్రిములు చొరబడ్డాయి. వెచ్చని అరలో ఉంచిన మిగతా సంచులు మర్నాటికి ఊపిరి పీల్చినట్టు ఉబ్బాయి. ఆ కూర తిన్నవారు బతికేవారు కాదని పరీక్షలో తేలింది.

జాస్మిన్ గారు మరుసటి ఏడు పట్టా పొందారు. చివరి గదికి తాళం వేద్దామంటే మాత్రం కోటేశ్వరి గారు ససేమిరా అన్నారు. "ఎవరున్నారో ఉండనీండి. మన పిల్లల మేలు కోరినవాళ్లే కదా!"

ఆనాడు ఆ గదుల్లోంచి లేచి నడిచివెళ్లిన విద్యార్థులు నేడు పిల్లాపాపలతో చల్లగా ఉన్నారు. వారందరి పక్షాన మా ఆకాంక్ష ఒక్కటే: ఇకనైనా భర్త రామాంజనేయులు గారు వండిపెట్టిన అన్నాన్ని అనుమానంగా వాసన చూడకుండా, వేడివేడిగా ముద్ద కలుపుకొని కడుపారా భుజిస్తూ, కోటేశ్వరి గారు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలి.