పొగ గుడారం

ఆదివారం పొద్దున, ఫైర్ స్టేషన్ ఆవరణ. ఉత్తుత్తి పొగలోంచి పాకి బయటపడడం పిల్లలకి నేర్పే పొగ గుడారం బయట ఒక ఫైర్‌మన్, ఒక ఏడేళ్ళ పాప, పాప తల్లి. కాస్త దూరంలో, ఫైరింజను ఎక్కే లైన్లో, కొడుకుని భుజాన వేసుకుని తండ్రి.

"తలుపు దాకా పాక్కుంటూ వెళ్తావు. భేష్. వెళ్ళాక?"

"వెళ్ళాక తడతాను అంకుల్."

"తట్టడమెందుకు తల్లీ? నువ్వు లోపలే ఉన్నావుగా. గడియ తీసుకుని బయటికి వచ్చెయ్యాలి."

"గడియ తీసినా తలుపు రాదు. తాళం బయటుంటుంది."

"బయటా?"

"అయ్యో, దాని మాటలకేం లెండి! ఏమే, అంకుల్ అడిగినదానికి తిన్నగా చెప్పు. గడియ తీసి బయటికొస్తానను."

"ఉండండమ్మా, చెప్పనివ్వండి. పెద్దవాళ్ళు చెప్పేవి మాకు తెలిసినవే. ఎవరు వేస్తారు తల్లీ తాళం?"

"నాన్న. షాపుకెళ్ళేటప్పుడు వేస్తాడు, వచ్చాక తీస్తాడు."

"మరి బడికెలా వెళ్తావు?"

"నాన్నే దింపుతాడు. భోజనానికి వచ్చేటప్పుడు నాన్నే తెస్తాడు. తెచ్చి లోపల పెట్టి మళ్ళీ తాళం వేసుకుని వెళ్తాడు."

"లోపల నువ్వొక్కదానివే ఉంటావా?"

"కాదు. నేనూ, తమ్ముడూ, అమ్మా."

"అమ్మ కూడానా!"

"దొంగల భయమండీ. మావారికి కాస్త జాగ్రత్త ఎక్కువ, అంతే. మీరు మిగతా పిల్లల్ని చూసుకోండి, పాపం ఎదురుచూస్తున్నారు."

"వాళ్ళు లోపల పాకుతున్నారమ్మా. ఆ చివర్నుంచి బయటపడేదాకా నాకు పనిలేదు. చెప్పు తల్లీ, రెండో తాళంచెవి ఎక్కడుంటుంది?"

"రెండోది లేదు. ఒకటే. నాన్న బెల్టుకి."

"పోనీ, కిటికీ దగ్గరికెళ్ళి కేకెయ్యొచ్చుగా?"

"వెయ్యొచ్చు. కానీ దూకలేం, గ్రిల్లు. బాల్కనీకీ గ్రిల్లే. పిచ్చుక పట్టేంత సందు కూడా లేదు."

"అబ్బో, పిచ్చుక కూడానా! మరి ఫోనుందా ఇంట్లో?"

"నాన్న జేబులో రెండుంటాయి. ఒకటి నాన్నది, ఒకటి అమ్మది."

"ఇంక చాల్లేవే. దీనికి కథలల్లడం అలవాటండీ, వాళ్ళ టీచరు కూడా అంటుంది. అదిగో, మీ నాన్న ఇటే చూస్తున్నారు. చెయ్యి ఊపు."

"ఊపాను."

"నవ్వుతూ ఊపు."

"అమ్మా, మీరు అలా గాభరా పడకండి. నేను పోలీసుని కాను, మంటలార్పేవాణ్ణి. నేనడిగేదల్లా మంట గురించే. వంటింట్లో గ్యాసు లీకైందనుకోండి. ఏం చేస్తారు?"

"కట్టేస్తాను."

"కట్టినా ఆగకపోతే?"

"కిటికీ తెరుస్తాను."

"అప్పటికే అంటుకుంటే?"

"మీ నిచ్చెన మూడో అంతస్తు దాకా వస్తుందా అండీ?"

"మూడేమిటి, ఇంకో మూడు పైకి కూడా వెళ్తుంది."

"గ్రిల్లు అడ్డమొస్తే?"

"కోస్తాం. మా దగ్గర మిషనుంది. పెద్ద పని కాదు."

"ఊరికే అడిగాన్లెండి. మావాడు ఫైరింజను గురించి తెగ అడుగుతుంటాడు, వాడికి చెప్పొచ్చని."

"వాడికి చెప్పండి, తప్పులేదు."

"ఇంకొకటి. మంట ఉంటేనే వస్తారా మీరు? పొగ లేకపోయినా వస్తారా?"

"ఎందుకు రామమ్మా? లిఫ్టులో ఇరుక్కుపోయారంటే వెళ్తాం. బావిలో పడ్డారంటే వెళ్తాం. మొన్నటికి మొన్న ఒకావిడ, ఉంగరం వేలికి బిగుసుకుపోయి వేలు నల్లబడిపోతోందని వస్తే, ఇదే బల్ల మీద చెయ్యి పెట్టించి కోసి తీశాం."

"ఆవిడే వచ్చిందా? తనంతట తను?"

"ఆఁ, తనే వచ్చింది."

"అదృష్టవంతురాలు."

"అమ్మా…"

"లైను జరుగుతోందండీ. మావాడి వంతు వచ్చేసేలా ఉంది. అది అయిపోగానే ఇక్కడికొచ్చేస్తారు ఆయన."

"సరే. తల్లీ, ఆఖరి ప్రశ్న. ఇది చెప్తే ఈ ఫైర్‌మన్ టోపీ నీదే. మాకు ఎవరైనా ఫోన్ చేస్తే మొట్టమొదట ఏం అడుగుతామో తెలుసా? ఇల్లెక్కడని. మీ ఇంటికి ఎలా రావాలో చెప్పు, చూద్దాం."

"వాటర్ ట్యాంకు వెనక వీధి. చెప్పుల షాపు పైన. మూడో అంతస్తు. మెట్లెక్కాక ఎడమచేతి వైపు, ఆఖరి తలుపు. ఆకుపచ్చది. బెల్లు పనిచెయ్యదు, తట్టాలి. తడితే అమ్మ లోపలి నుంచి పలుకుతుంది కానీ తియ్యలేదు."

"చాలు! చాలు అంటున్నానా! ఇంటి గుట్టంతా వీధిలో పెడతావేంటే?"

"పగలు నాన్న ఉండడు. భోజనానికి వచ్చి వెళ్ళిపోతాడు. ఆ తర్వాత దీపాలు పెట్టేదాకా రాడు."

"చాలు చాలు! నోరు ముయ్యి!"

"కోప్పడకండమ్మా. ఇంత వివరంగా పెద్దవాళ్ళు కూడా చెప్పలేరు. ఫోన్లు చేసి 'మా ఇల్లు తెలీదా' అని మమ్మల్నే అడిగేవాళ్ళున్నారు."

"ఆయన దిగుతున్నారు. వస్తున్నారండీ. దయచేసి ఆయన ముందు ఇవన్నీ… నేను చెప్పానని మాత్రం…"

"మీరేం చెప్పలేదుగా అమ్మా."

"అవును. నేనేం చెప్పలేదు."

"ఏంటోయ్, మా లాయరమ్మ టోపీ గెలుచుకుందా లేదా?"

"గెలిచాను నాన్నా! అన్నీ కరెక్టు!"

"అది! ఎవరి కూతురనుకున్నావ్? ఇదిగో నువ్వు, వీణ్ణి కాస్త పట్టుకో, చెయ్యి లాగేస్తోంది. నమస్తే బ్రదర్. ఏర్పాట్లు అదిరిపోయాయి. సిటీలో పిల్లల్ని తిప్పాలంటే జేబు చిల్లు పడాల్సిందే అంటారు జనం. నేనొప్పుకోను. మ్యూజియం ఫ్రీ రోజుంటుంది, వెళ్తాం. పార్కు ఫ్రీ. వంతెన మీద నుంచుంటే పడవలు ఫ్రీ. రైళ్ళు చూపించాలంటే స్టేషన్ బయట గోడ ఉంది, అదీ ఫ్రీ. ఒక్క ఆదివారం వీళ్ళని ఇంట్లో కూర్చోబెట్టను, అడగండి కావాలంటే."

"మంచిది సార్. మరి మిగతా ఆరు రోజులు?"

"మిగతా ఆరు రోజులు షాపు కదా బ్రదర్."

"మీకు షాపు. వీళ్ళకి?"

"వీళ్ళకి ఇల్లుంది, ఫ్యానుంది, టీవీ ఉంది. మహారాణిలా ఉంటుంది మా ఆవిడ. గుమ్మం దాటి కూరలు తెచ్చుకునే పని కూడా పెట్టను. అసలు ఇవాళ పక్షుల పార్కుకి వెళ్దామన్నాను నేను. లేదు, ఫైర్ స్టేషనే అని ఒకటే పట్టు. ఇన్నేళ్ళలో నోరు తెరిచి ఇది కావాలని అడగని మనిషి! సరే పోనీ, ముచ్చటపడుతోంది కదా అని వచ్చాను."

"బుడ్డోడికి ఫైరింజనంటే ఇష్టమని…"

"ఏం ఇష్టం! సైరన్ మోగగానే నా మెడ పట్టుకుని ఒకటే ఏడుపు. నా చొక్కా చూడు."

"సార్, మేం ఇళ్ళు కూడా చూసిపెడతాం. గ్యాసు, వైరింగు, బయటపడే దారి. అది కూడా ఫ్రీయే."

"ఫ్రీ అన్నాక కాదంటానా! ఎప్పుడు?"

"బుధవారం. మధ్యాహ్నం పూట."

"ఆదివారం పెట్టుకోండి. నేనుంటాను."

"ఒక్క ఆదివారం కూడా వీళ్ళని ఇంట్లో కూర్చోబెట్టనని ఇప్పుడే అన్నారు కదా సార్."

"హహ్హ! పట్టేశారు. సరే, చూద్దాం. అడ్రసు రాసుకోండి."

"అక్కర్లేదు సార్, పాప చెప్పింది."

"పాప చెప్పిందా?"

"టెంటు దగ్గరికొచ్చిన ప్రతి పిల్లనీ అడుగుతాం సార్. అది మా పద్ధతి."

"అవునవును, మంచి పద్ధతి. ఇంకేం చెప్పింది?"

"ఏవండీ, బుడ్డోడు నీళ్ళడుగుతున్నాడు…"

"ఆగు. ఇంకేం చెప్పిందన్నారు?"

"దాచడమెందుకు సార్. తాళం గురించి చెప్పింది. పిల్లని ఏమీ అనకండి, నేనడిగితేనే చెప్పింది. దొంగల భయం ఉంటుంది, అర్థమవుతుంది. కానీ ఇల్లంతా పొగ కమ్మడానికి మీరు షాపు షట్టరు దించేంత సేపు కూడా పట్టదు. మేం వచ్చేలోపు వీళ్ళు తమంతట తాము బయటపడాలి. రెండో తాళంచెవి చేయించి లోపల ఉంచండి."

"అరె! నిజమే. చూశారా, నా బుర్రకి తట్టనే లేదు. ఇవాళే చేయిస్తాను."

"మాటేనా సార్?"

"మాటంటే మాటే. చెయ్యి కలపండి."

"సంతోషం. అదిగో, పిల్లలు బయటికొచ్చేస్తున్నారు, నేను వెళ్ళాలి. ఇదిగో తల్లీ నీ టోపీ. అమ్మా, వస్తాను. బుధవారం, సార్. నేను మర్చిపోను."

"మర్చిపోకండి బ్రదర్. ఎదురుచూస్తుంటాం."

గేటు వైపు నడుస్తూ.

"మంచివాడు."

"ఊఁ."

"పనిమీద శ్రద్ధ ఉంది. బుధవారం వస్తాడట."

"ఎక్కడొస్తారు లెండి. అందరితోనూ అలాగే అంటుంటారు."

"వస్తాడు. వచ్చే రకమే. నువ్వేం మాట్లాడావు ఆయనతో?"

"నేనా? నేనేం మాట్లాడాను? దీని నోరు మూయించలేక చచ్చాను."

"ఏం లాయరమ్మా, అమ్మ నోరు మూయించిందా?"

"అవును నాన్నా. చాలు చాలు అని అరిచింది కూడా."

"పాపం. ఇంత అల్లరి పెడితే ఎలా మీ అమ్మని? ఏంటి, అలా వెనకబడిపోతున్నావు?"

"బుడ్డోడు బరువయ్యాడండీ. నిద్రపోయాడు కదా, ఇంకా బరువు."

"ఇలా ఇవ్వు."

"వద్దు. వద్దు, నేనెత్తుకుంటాను."

"సరే, నువ్వు వాణ్ణెత్తుకో, నేను దీన్నెత్తుకుంటాను. రావే, భుజమెక్కు. ఐస్‌క్రీం తింటావా?"

"ఇక్కడ ఇస్తున్నారా ఫ్రీగా?"

"లేదు. అదిగో ఆ బండి దగ్గర. కొంటాను."

"కొంటావా! డబ్బులిచ్చి?"

"ఇవాళ నువ్వు గెలిచావు కదా."

"ఏవండీ, ఎండెక్కిపోతోంది. దానికి అసలే జలుబు. ఇంటికి వెళ్ళిపోదాం పదండి."

"ఇంటికే కదా వెళ్ళేది. తొందరెందుకు? చెప్పవే లాయరమ్మా, ఆయనకి చెప్పినట్టే నాకూ చెప్పు, వింటాను. మన ఇల్లెక్కడ?"

"వాటర్ ట్యాంకు వెనక వీధి. చెప్పుల షాపు పైన. మూడో అంతస్తు. మెట్లెక్కాక ఎడమచేతి వైపు…"

"ఎడమచేతి వైపు. ఓహో! నీకు ఎడమా కుడీ ఎప్పుడొచ్చాయే? పోయిన నెల చెప్పులు తారుమారుగా వేసుకుని బడికెళ్ళావు."

"ఇప్పుడొచ్చు. అన్నం తినే చెయ్యి కుడిది, రెండోది ఎడమది."

"బడిలో నేర్పారా?"

"బడిలో కాదు."

"మరి?"

"ఏవండీ, అక్కడ ఆటో గీటో ఉందేమో చూడండి, నేనింక మొయ్యలేను…"

"నేను దాన్ని అడుగుతున్నాను. ఎవరు నేర్పారమ్మా?"

"అది సీక్రెట్ నాన్నా."

"సీక్రెట్టా? అయితే చెప్పకు. సీక్రెట్లు చెప్పకూడదు. నేనింక అడగను. ఇంత బాగా నేర్పినవాళ్ళకి కూడా ఒక ఐస్‌క్రీం కొనిద్దామనుకున్నాను, అంతే. పోన్లే, నీకొక్కదానికే కొంటాను."

"తల్లీ, ఇటు చూడు. ఇటు నా వైపు చూడవే…"

"అయితే అమ్మక్కూడా కొను నాన్నా! నువ్వు స్నానానికెళ్ళినప్పుడల్లా అమ్మ ఫైర్ అంకుల్ అయి నన్ను అడిగేది. మధ్యలో చాలు చాలని తిట్టేది, అయినా నేను ఆగకుండా చెప్పాలి, అదీ ఆట. ఒక్కటి కూడా మర్చిపోలేదు కదమ్మా?"