మూడో వరసలో నిచ్చెన

కూర్చో, కూర్చో. షోరూం ఎక్కడికీ పారిపోదు. వస్తానన్నానుగా, వస్తాను. ఆ రంగు కాగితం మాత్రం అవతల పెట్టు. నేను బస్సు నడిపినవాణ్ణి, నాకు బొమ్మలు చూపించకు. బొమ్మలో ఏ బండైనా బాగానే ఉంటుంది. ఇదుగో, ఈ మూడో వరసలో ఎవర్ని కూర్చోబెట్టారో చూశావా? జడలేసుకున్న చంటిపిల్లని. ఇంకో కాగితం తియ్యి. ఇందులోనూ పిల్లే. మూడో వరసలో ఓ పెద్దమనిషి కూర్చుని నవ్వుతున్న బొమ్మ ఒక్కటి చూపించు, నీ బండి కళ్ళు మూసుకుని కొనుక్కో. లేదు కదా? ఉండదు. నువ్వూ, మీ ఆవిడా, పిల్లలిద్దరూ, మీ అమ్మా నాన్నా, ఆరు. ఏడోవాణ్ణి నేను. నా కోసమే ఏడు సీట్ల బండి అంటున్నారు, సంతోషమే. నేనే వచ్చి, ఎక్కి, కూర్చుని, ఎలా ఉందో చెప్పాలి. అంతేనా? మా ఇంట్లో ఈ పరీక్ష నాకంటే ముందు ఒకాయన రాశాడులే. వందకి వంద తెచ్చుకున్నాడు కూడా.

మా బాబాయ్. నీకు తెలీదు, మీ నాన్నకి బాగా తెలుసు. ఊరంతా నిచ్చెన అనేవారు. మొహం మీదే అనేవారు, ఆయన పలికేవాడు కూడా. కరెంటు పని చేసేవాడు, ఫ్యాన్లు బిగించడం, వైర్లు లాగడం. నిచ్చెన అక్కర్లేదు, ఓ స్టూలు చాలు. కొన్ని ఇళ్ళల్లో స్టూలు కూడా అక్కర్లేదు. అంత పొడుగు. గుమ్మం వస్తే తల వంచాలని ఆయన మెడకి తెలుసు, నిద్రమత్తులో లేచినా వంచేవాడు. పెళ్ళెందుకు చేసుకోలేదు బాబాయ్ అంటే, నాకు సరిపోయే మంచం దొరకలేదురా అనేవాడు. అసలు సంగతి అది కాదు. మా నాన్న పోయేనాటికి అన్నయ్య రెండో క్లాసు, నన్నింకా బళ్ళో కూడా వెయ్యలేదు. మమ్మల్ని పెంచే పని ఆయన నెత్తిన పడింది. పడితే మోశాడు, అంతే, దాని గురించి ఒక్కనాడూ ఒక్క మాటన్నది లేదు. ఎక్కడ జనం గుమిగూడినా ఒక భుజం మీద అన్నయ్య, ఇంకో భుజం మీద నేను. మిగతా పిల్లలకి పెద్దవాళ్ళ వీపులు కనిపించేవి, మా ఇద్దరికే అసలు సంగతి కనిపించేది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది నాకు. ఆ భుజాలెక్కినవాడే మా అన్నయ్య కూడా.

ఆఁ, అదే చెప్తున్నా. చెయ్యి వణకడం మొదలయ్యాక పని మానేశాడు. కరెంటు పట్టుకునేవాడికి చెయ్యి వణికితే ఇంకేముంది. అన్నయ్య దగ్గరే ఉండేవాడు. అన్నయ్యకి రంగుల దుకాణం, ఇల్లు పెద్దది. నాది డిపో వెనక ఒంటిగది, అందులో నేను, మీ నానమ్మ, ఇద్దరు పిల్లలూ. వచ్చెయ్ బాబాయ్ అంటే, నేను పడుకుంటే మీరు తలుపు వేసుకోలేరురా అని నవ్వేవాడు. నవ్వుతాలకే అన్నా, నిజం కూడా అదే. సరే, దుకాణం బాగా నడిచి అన్నయ్యకి బండి మీద మనసైంది. అప్పుడప్పుడే ఏడు సీట్ల బళ్ళు వస్తున్నాయి. అన్నయ్య, వదిన, వాళ్ళ కొడుకు, కూతురు, వదిన వాళ్ళమ్మ, బాబాయ్. దూరం వెళ్తే స్టీరింగు పట్టడానికి నేను. అన్నయ్యకి మన వీధి చివరిదాకా నడపడమే గగనం. బండి ఎంచడానికి నన్ను రమ్మన్నాడు. బాబాయ్‌ని కూడా రమ్మన్నాడు, ఎందుకనుకున్నావ్? కొలబద్దకి. మా ఇంట్లో అందరికంటే పొడుగు ఆయనే కదా, వెనక ఆయన పడితే ఎవరైనా పడతారని. పొడుగువాడు పడతాడా అని చూసినవాళ్ళు, పొడుగువాడే అక్కడెందుకు కూర్చోవాలని మాత్రం అడగలేదు.

మొదటి బండిలో వెనక ఎదురెదురు బెంచీలు. పక్కకి తిరిగి కూర్చోవాలి. వదినకి చూడగానే నచ్చలేదు, కూరగాయలు తెచ్చే బండిలా ఉందంది. రెండోది మంచి బండి. నేను దాని కిందకి దూరి మరీ చూశాను. వెనక కాళ్ళు పెట్టుకోవడానికి చోటుంది, పైన తలకి చోటుంది, వెనకవాళ్ళకి వేరే ఏసీ గాలి కూడా ఉంది. బాబాయ్ అందులో ఎక్కి కూర్చుని, అద్దం దించి, బయటికి చూశాడు. ఆయన మొహం వెలిగింది, నేను చూశాను. కానీ అది వెడల్పు. అన్నయ్య ఇంటి గేటులో పట్టాలంటే ఒక స్తంభం కొట్టించాలి. స్తంభాలకి కొత్తగా నాపరాళ్ళు అతికించారు, వదిన తనే నిలబడి చేయించుకుంది. కొట్టించనంది. మూడోది చూడ్డానికి ముద్దుగా ఉంది, గేటులో పడుతుంది, వదినకి రంగు నచ్చింది. మూడో వరస మాత్రం, ఏం చెప్పను, ఎవరో మర్చిపోయి చివర్లో గుర్తొచ్చి పెట్టినట్టుంది. సీటు నేలకి ఆనుకుని ఉంటుంది, కూర్చుంటే మోకాళ్ళు గడ్డం దగ్గరికొస్తాయి. అద్దం దిగదు. దానికి వేరే తలుపు లేదు, ముందు సీటు మడిస్తేనే దిగాలి. నేను చెప్పాను అన్నయ్యకి, వెనక చక్రం మీద కూర్చున్నవాడికి ప్రతి గుంతా నడ్డిలో దిగుతుంది, నా బస్సులో ముసలివాళ్ళెవరైనా వెనక్కి వెళ్తుంటే నేనే పిలిచి ముందు కూర్చోబెడతాను అని. అన్నయ్య ఏమన్నాడో తెలుసా? "సరే, ఆలోచిద్దాం. పట్టకపోతే బాబాయ్ ఇంటి దగ్గరుంటాడు. ఇంటికీ ఎవరో ఒకరు కాపలా ఉండాలిగా." మామూలుగా అన్నాడు, కోపంగా కాదు. బాబాయ్ ఆ పక్కనే నిలబడి టైరు చూస్తున్నాడు.

ఓ నాలుగు రోజులు పోయాక మధ్యాహ్నం డ్యూటీ దిగి వాళ్ళింటికి వెళ్ళాను. ఇంట్లో ఎవరూ లేరు. బాబాయ్, బాబాయ్ అని పిలిస్తే పెరటి గదిలోంచి పలికాడు. వెళ్ళి చూద్దును కదా, గోడకీ బట్టలుతికే మెషీనుకీ మధ్య సందులో, చిన్నపిల్లలు కూర్చునే ప్లాస్టిక్ స్టూలేసుకుని కూర్చునున్నాడు. మోకాళ్ళు గడ్డానికి ఆనుకున్నాయి, మెడ పక్కకి వంచాడు, చేతులు రెండూ మోకాళ్ళ చుట్టూ వేసుకున్నాడు. ఏం చేస్తున్నావ్ బాబాయ్ అంటే, మెషీన్ ప్లగ్గు చూస్తున్నానురా, లూజైంది అన్నాడు. ప్లగ్గు అవతలి గోడకుంది. నాకు నవ్వొచ్చింది ముందు. డెబ్భై ఏళ్ళ మనిషి బండిలో కూర్చోవడం ప్రాక్టీసు చేస్తున్నాడు. తర్వాత చెయ్యిచ్చి లేపాను కదా, ఆయన కాళ్ళు నిలబడ్డానికి ఎంతసేపు పట్టిందో చూశాక ఆ నవ్వెటు పోయిందో. ఆ ఆదివారమే మళ్ళీ షోరూం. మూడో బండిలో వెనక ఎక్కాడు, మొదటిసారి ఎక్కలేక అవస్థపడ్డవాడు ఈసారి చటుక్కున ఎక్కేశాడు. అన్నయ్య ముందు నుంచి తల తిప్పి ఎలా ఉంది బాబాయ్ అన్నాడు. బ్రహ్మాండంగా ఉందిరా, ఇదే తీసుకో, గేటు కూడా కొట్టక్కర్లేదు అన్నాడు. టై కట్టుకున్న షోరూం మనిషి చప్పట్లు కొట్టాడు, వెధవ.

ఇక ప్రయాణాలు. ముందు సీట్లో అన్నయ్య. నాకంటే పొట్టి వాడు, సీటు బాగా వెనక్కి జరిపించుకుని కాళ్ళు చాపేవాడు. దుప్పటి ఉన్నంతే కాళ్ళు చాపుకోవాలంటారు, మా ఇంట్లో దుప్పటి పొట్టివాడిది, ముడుచుకునేది పొడుగువాడు. మధ్యలో వదిన, కూతురు, వదిన వాళ్ళమ్మ. ఆవిడకి మోకాళ్ళ నొప్పులట, వెనక ఎక్కలేదట. వెనక బాబాయ్, అన్నయ్య కొడుకు. ఆ వరస తెరిస్తే సామాను పెట్టే చోటు పోతుంది, కాబట్టి సంచులన్నీ బాబాయ్ ఒళ్ళో, పక్కన. డ్రైవరు కళ్ళు రోడ్డు మీదెంత ఉంటాయో అద్దంలో అంత ఉంటాయి. నాకు అద్దంలో ఆయనే కనిపించేవాడు. తల పైకప్పుకి తగులుతుంటుంది, నవ్వు మొహం పెట్టుకుని ఉంటాడు. బయల్దేరే ముందు రోజు నుంచి నీళ్ళు తాగేవాడు కాదు. ఎందుకంటే ఆయన దిగాలంటే మధ్యలో వాళ్ళు ముగ్గురూ దిగాలి, సీటు మడవాలి. ఎవరూ ఆయన్ని దిగొద్దని అనలేదు, అబద్ధం చెప్పకూడదు. కానీ బండాగితే వదిన వాళ్ళమ్మ నిద్రలో ఉండేది. మావయ్యగారూ దిగుతారా అని వదిన అడిగేది, అడుగుతూనే వాళ్ళమ్మ మీద దుప్పటి సర్దేది. ఆయన వద్దమ్మా అనేవాడు.

ఒకసారి పెట్రోలు బంకు దగ్గర ఆపాను. మండే ఎండ. అందరూ దిగి టీలు తాగుతున్నారు, ఆ రోజు ముసలావిడ కూడా దిగింది. ఈయన మాత్రం దిగలేదు. వెళ్ళి చూస్తే చొక్కా తడిసిపోయింది, పెదాలు ఎండిపోయాయి, పక్కనే నీళ్ళ సీసా మూత కూడా తియ్యలేదు. తిన్నగా అన్నయ్య దగ్గరికి వెళ్ళి అందరి ముందే అన్నాను, ఇక్కణ్ణుంచి బాబాయ్ ముందు కూర్చుంటాడు, నువ్వు వెనక్కెళ్ళు, లేకపోతే నేను బండి తియ్యను అని. వాడు టీ ఊదుకుంటూ, ఆయన్నే అడుగు, ఆయన ఊఁ అంటే నేను వెనక్కెళ్తాను అన్నాడు. న్యాయమైన మాటేగా? అందుకే వెళ్ళి అడిగాను. అందరూ వింటున్నారు. ఆయన నా వంక చూసి, "నాకేంరా, ఇక్కడ హాయిగా ఉంది. ముడుచుకుంటేనే నాకు నిద్ర పడుతుంది. నువ్వెందుకు ఊరికే అందర్నీ ఇబ్బంది పెడతావు?" అన్నాడు. వదిన ఫక్కున నవ్వింది. అన్నయ్య నా భుజం తట్టి, లోకంలో బాధలన్నీ నీకే కావాలిరా అన్నాడు. నేను మళ్ళీ స్టీరింగు ముందు కూర్చుని బండి తీశాను.

ఇల్లు చేరాక అందరూ లోపలికెళ్ళారు. ఆయన్ని నేనే దింపాను, ఓ కాలు తర్వాత ఓ కాలు. గేటు స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. ఎందుకట్లా చెప్పావ్ అని అడిగాను, గట్టిగానే అడిగాను, కోపంతో నాకు ఏడుపొస్తోంది. అప్పుడు చెప్పాడు. "ఒరేయ్, ఒక్కసారి నన్ను ఇంట్లో వదిలి వెళ్ళి చూస్తే, హాయిగా ఉందే అని వాళ్ళకి తెలిసిపోతుందిరా. తెలియనివ్వకూడదు." అంతే అన్నాడు. నిజం చెప్పనా, నాకు మా అన్నయ్య మీద ఉన్న కోపం కంటే ఈయన మీద ఉన్న కోపమే ఎక్కువ. ఇప్పటికీ ఎక్కువే. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఈయన అడగకపోగా, అడిగినవాణ్ణి నన్ను వెర్రివాణ్ణి చేశాడు. ఆ తర్వాత నేను ఆ స్టీరింగు ముట్టుకోలేదు. ముట్టుకోకపోతే ఏమైంది, వాళ్ళు వేరే డ్రైవర్ని పెట్టుకున్నారు. మంచివాడే, అద్దంలో రోడ్డు మాత్రమే చూసుకునేవాడు.

ఆ తర్వాత ఏడాది వదిన వాళ్ళ ఊరు వెళ్ళారు, చాలా దూరం. తిరిగొచ్చాక ఆయనకి పిక్క వాచింది. సంచీ తగిలిందమ్మా అని చెప్పాడట. మూడో రోజు ఊపిరాడ్డం లేదన్నాడు, ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది. డాక్టరు పెద్దగా ఏం చెప్పలేదు. నీళ్ళు లేకుండా గంటల తరబడి కాళ్ళు ముడుచుకుని కూర్చుంటే కాలిలో నెత్తురు గడ్డకడుతుందనీ, అది పైకొచ్చి ఊపిరితిత్తులకి అడ్డం పడుతుందనీ చెప్పాడు. అన్నయ్య నాతో పాటే నిలబడి విన్నాడు. మర్నాడు పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ వాడు ఏం చెప్పాడంటే, కళ్ళనీళ్ళు పెట్టుకునే చెప్పాడు, దొంగ ఏడుపు కాదు, మా బాబాయ్‌కి ఆ వెనక సీటంటే ప్రాణమండీ, ఇంకెవర్నీ కూర్చోనిచ్చేవాడు కాదు అని. వాడు నమ్ముతున్నాడు ఆ మాట. నేను ఏమంటాను? బాబాయే చెప్పాడు కదా, అందరి ముందు, హాయిగా ఉందని.

అలా చూడకు నాన్నా. నువ్వు మా అన్నయ్యవి కాదు, తెలుసు నాకు. మీ ఆవిడ మంచి పిల్ల, ఆ మాట ఎవరి దగ్గరైనా చెప్తాను. ఆ మాటకొస్తే మా అన్నయ్య మాత్రం చెడ్డవాడా? ఇప్పుడు వెళ్తాం. ఆ వెనక ఎక్కుతాను. నువ్వు ముందు నుంచి తల తిప్పి, ఎలా ఉంది తాతయ్యా అంటావు. బాగుందనే అంటాను నేను. ఇంతా చెప్పినవాణ్ణి, అయినా బాగుందనే అంటాను, ఎందుకంటే నాకూ భయమేరా. నువ్వు నమ్మకు.

పద, పొద్దెక్కుతోంది. ఆ చొక్కా కాదు, చారలది ఇవ్వు.