డిశ్చార్జి అంటే ఏటి బావా?

(విశాఖలో ఒక ఆసుపత్రి వార్డు, మధ్యాహ్నం. మంచం మీద ఫ్రాన్సిస్, పోర్టులో క్రేను నడిపి రిటైరైనవాడు. స్టూలు మీద నీలకంఠం, అదే పోర్టులో కలాసీగా చేసినవాడు. డాక్టరుతో మాట్లాడి ఇప్పుడే లోపలికొచ్చాడు.)

“...ఇంగ్లీసు నాకు సెప్తావేటి బావా? గ్రీకు ఓడ కెప్టెనంతటోడు నా ముందు కూకోని మాట నేర్చుకున్నాడు. నా అంత ఇంగ్లీసు తెలిసిన కలాసీ ఈ సముద్రం ఒడ్డున పుట్టనేదు.”

“నీలకంఠం బావా, నీ గ్రీకోడి సంగతి తరవాత. డాక్టరు గదిలోకెళ్లి వచ్చినావు గదా, ఏటన్నాడు?”

“డిశ్చార్జి అన్నాడు.”

“నిజవేనా?”

“నిజం. నవ్వుతూ అన్నాడు. పన్ను మీద పన్నున్నాది ఆడికి, అది కూడా కనపడింది.”

“దేవుడికి స్తోత్రం! అయితే నయవైపోనాదన్నమాట. మరి నవ్వుతూ అన్నాడంటే...”

“ఆగాగు. అది చాలా లోతైన మాట, తొందరపడకు. మన పోర్టులో డిశ్చార్జి అంటే ఏటి?”

“సరుకు దింపడం. బతుకంతా నాను సేసింది అదే గదా, ఓడలోంచి బొగ్గు దింపడం. నన్నే అడుగుతావేటి?”

“కదా! దింపీసినాక ఓడ ఏటవుద్ది? తేలికైపోద్ది. ఓసారి ఆ గ్రీకోడి ఓడ ఎంత తేలికైపోనాదంటే, కొంగొచ్చి అంచు మీద వాలీసరికి ఆ పక్కకి ఒరిగిపోనాది. లోపల వంటోడి సాంబారంతా ఒలికిపోనాది. గ్రీకోడికి సాంబారేటి అనకు. అదీ నానే నేర్పినాను.”

“ఆ ఓడకి క్రేను మీదున్నది నానే. కొంగా నేదు, సాంబారూ నేదు.”

“నువ్వు ఎనక్కి తిరిగున్నావు.”

“సరే గాని, రోజలిన్ ఏది? తండ్రి ఇంటికొచ్చీత్తన్నాడంటే ముందు కూతురే పరిగెత్తుకు రావాలి గదా.”

“ఆటో కోసం ఎళ్లింది.”

“ఆటో మా పక్కింటి వాసు తెచ్చి కింద పెట్టీసినాడు. కిటికీలోంచి కనపడతన్నాది.”

“అయితే కంట్లో నలుసు పడింది. కడుక్కుంటన్నాది.”

“ఏ కంట్లో?”

“రెండింట్లోనూ.”

“రెండు కళ్లలోనూ ఒకేసారి నలుసేటి బావా?”

“మన ఊరి బొగ్గు పొడి బావా ఇది. పక్షపాతం సూపించదు. అది ఒగ్గీ, ఫోను సూడు. ఫోను డిశ్చార్జి అయిపోద్ది. అప్పుడేటి సేత్తాం? ఛార్జింగు పెడతాం. మళ్లీ లెగిసి కూకుంటాది.”

“పాత ఫోనైతే?”

“పాతదైతే... ఎంతసేపు పెట్టినా ఎక్కదు. ఫోను వద్దులే, కోర్టుకి పోదాం. మీ తమ్ముడు జాక్సన్ని కోడిపందేల కేసులో ఇరికించినారా? జడ్జిగారు డిశ్చార్జి అన్నారా? శిక్షా నేదు, జరిమానా నేదు, ఇంటికి పొమ్మన్నారు.”

“కేసులో పస నేదన్నారు. గుర్తున్నాది. నా కేసులోనూ పస అయిపోనాదేటి?”

“ఛ, నోరు ముయ్యి. స్టీలు ప్లాంటుకి రా. మా అల్లుడు గురునాథరావు కొలిమి కాడ సేత్తన్నాడు గదా. ఎర్రగా కాలిన బొగ్గుని బయటికి తోసీడాన్ని అక్కడ డిశ్చార్జి అంటారట. తోసిన ఎంటనే నీళ్లు కొట్టి సల్లార్చీడమే.”

“కాలినాక నీళ్లు మీవోళ్లకి బావా. మావోళ్లకి మట్టే గదా.”

“నీతో ఇదే గోల. నాను బండి ఎటు తిప్పినా నువ్వు శ్మశానం గేటు కాడికే తోలతావు.”

“తిప్పింది నువ్వు. తోలింది నీ ఇంగ్లీసు. ఒట్టేసి సెప్పు, అసలు నీకు ఇంగ్లీసు వచ్చునా?”

“రాదు బావా. సబ్బవరం పక్కన మా ఊరి బళ్లో మేస్టారు ‘ఏ’ నుంచి ‘హెచ్’ దాకా సెప్పి బదిలీ అయిపోనాడు. ఆ తరవాత అక్షరాలు నాను ఓడల మీదే సూసినాను. గ్రీకోడికి నేర్పింది కూడా ‘టీ తాగుతావేటి’ అనే. డిశ్చార్జి మాత్రం ‘డి’లోది గాబట్టి నా సదువులోకే వత్తాది.”

“ఓరి నీ... నవ్వించకు, డొక్కలో నొప్పెడతన్నాది. ఇంతకీ మళ్లీ ఎప్పుడు రమ్మన్నాడు?”

“ఎవరు?”

“డాక్టరు!”

“రమ్మననేదు.”

“రమ్మననేదా? మరి నొప్పొస్తే?”

“నొప్పికి బిళ్లలిచ్చినాడు. గట్టివే ఇచ్చినాడు.”

“పత్యం?”

“పత్యం నేదు. ఏది తినబుద్ధయితే అది తినమన్నాడు.”

“ఉప్పు?”

“ఉప్పూ తినమన్నాడు.”

“జాలరిపేట నుంచి వంజరం తెచ్చి పులుసు పెట్టుకుంటే?”

“పులుపు కాస్త ఎక్కువేసుకోమన్నాడు.”

“ఆవకాయ?”

“...అదీను.”

“బావా. మజ్జిగలో ఉప్పుగల్లు ఏసిందని రోజలిన్‌ని అందరి ముందూ కేకలేసిన డాక్టరు ఇతనే. ఇప్పుడు ఆవకాయ తినమన్నాడా?”

“పెద్ద సదువులు సదివినోళ్లు. ఆళ్లకి తెలుస్తాది.”

“నాకు తెలవాల్సింది ఒక్కటే. రోజలిన్ పెళ్లి క్రిస్మసు అయినాక అనుకున్నాం గదా. నాను కర్ర నేకుండా నడిచి, చర్చిలో దాని సెయ్యట్టుకుని తీసుకెళ్లి ఆ కుర్రోడికి అప్పగించాలని. అప్పటిదాకా ఉంటానేటి?”

“ఎండ తగ్గినాక బయల్దేరుదాం, ఏటంటావు?”

“మాట మార్చకు.”

“మార్చనేదు. ఎండలో ఆటో సీటు కాలిపోతాది గదా అని.”

“సరే, నువ్వు సెప్పకు. నాకే అర్థవైపోనాది. మళ్లీ రావద్దన్నాడంటే జబ్బు పోనాదనే. అన్నీ తినమన్నాడంటే బలం రావాలనే. అన్నిటికీ మించి నవ్వుతూ అన్నాడు. సావు కబురు పన్ను మీద పన్ను కనపడేలాగ ఎవడు సెప్తాడు బావా?”

“ఎవడూ సెప్పడు.”

“అంతే గదా! అయితే పెళ్లి క్రిస్మసు అయినాకే. రోజలిన్‌ని పిలు. తొందరేటీ నేదని నానే సెప్తాను.”

“బావా... ఈ ఆదివారం పెట్టీమను.”

“ఈ ఆదివారవా? పిచ్చెక్కిందేటి నీకు? ముందు చర్చిలో వరసగా మూడు ఆదివారాలు ఈళ్లిద్దరికీ పెళ్లని చాటింపెయ్యాలి.”

“చాటింపు నేకుండా కానిచ్చీమని ఫాదరుగారి కాళ్లట్టుకుంటాను. నిన్ను కుర్చీలో కూకోబెట్టి నానూ జాక్సనూ మోస్తాం. కూకున్నోడు కూడా కూతురి సెయ్యట్టుకోవచ్చు.”

“ఇటు సూడు, నీలకంఠం. నా మొకం సూడు. నువ్వు ఏదో అల్లినావు. కొంగ వాలితే ఓడ ఒరిగిపోనాదన్నావే, అదేనా?”

“ఓడ ఒరిగింది బావా, ఒట్టు. సాంబారూ ఒలికింది. డాక్టరు నవ్వినాడన్నాను సూడు... అదొక్కటే నాను అల్లింది.”