రెండు సీసాల మధ్య మూడు నిమిషాలు

ఈ సభకు అధ్యక్షత వహిస్తున్న మా డైరెక్టరు గారికీ, ముందు వరుసలో కూర్చున్న పెద్దలకూ, ఆఫీసులకు సెలవు పెట్టి మరీ వచ్చిన పాత బ్యాచుల మిత్రులకూ, ఈ వీడ్కోలు సభంతా ఎవరి కోసమో వాళ్ళే అయి ఉండి కూడా తనకేమీ సంబంధం లేనట్టు కిటికీలోంచి బయటికి చూస్తున్న మా మేడం గారికీ నమస్కారం. నాకు అయిదు నిమిషాలు ఇచ్చారు. మేడం గారు చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టారు కాబట్టి ఆ అయిదు నిమిషాలూ ఎప్పుడో మొదలైపోయాయని అర్థమైంది. (నవ్వులు)

మా పని తెలియని బంధువులు కూడా వచ్చారు కాబట్టి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. ఫ్యాక్టరీల నుంచీ ఆసుపత్రుల నుంచీ బయటికి పోయే మురుగునీటికీ, పొగకీ, చెత్తకీ జవాబు చెప్పాల్సిన ఉద్యోగులు కొందరుంటారు. పర్యావరణ అధికారులంటారు వాళ్ళని. మూడేళ్ళకోసారి వాళ్ళు ఈ శిక్షణ కేంద్రానికి వచ్చి, పన్నెండు రోజులు బెంచీల మీద కూర్చుని, కొత్త పద్ధతులు నేర్చుకుని, పరీక్ష పాసై, లైసెన్సు పొడిగించుకుని పోవాలి. ఇరవై ఆరేళ్ళుగా ఆ కోర్సు నడుపుతున్నది మేడం గారే. వచ్చేవాళ్ళు చిన్నపిల్లలా అంటే కాదు, జుట్టుకు రంగు వేసుకునే వయసువాళ్ళు, కింద వందమంది పనిచేసేవాళ్ళు, అలాంటివాళ్ళు కూడా క్లాసులోకి రాగానే చివరి బెంచీ కోసం తోసుకుంటారు. ఒక జనరల్ మేనేజరు గారు బెంచీ కింద ఫోన్ చూసుకుంటుంటే, మేడం గారు ఆ ఫోన్ తీసుకుని, నీటి సీసాలు దాచే మంచుపెట్టెలో పెట్టి మూత వేశారు. సాయంత్రం ఆయన దాన్ని తువ్వాలులో చుట్టుకుని వెళ్ళారు. ఆయన కూడా ఇక్కడే ఉన్నారు, పేరు చెప్పను గానీ నవ్వనివారు ఎవరో చూసుకోండి. (నవ్వులు)

నీటి నమూనా తీసిన ప్రతి సీసా మీదా లేబులు ఉండాలి. ఎక్కడ తీశారు, ఎప్పుడు తీశారు, ఎవరు తీశారు. ఈ మూడూ లేకపోతే అది మేడం గారి దృష్టిలో సీసా కాదు. ఆ పిచ్చి ఇంటి దాకా వెళ్ళిందట. మేడం గారి భర్త, మేమంతా మాస్టారు అని పిలుచుకునే పెద్దాయన, మొన్న నాతో అన్నారు: "ఫ్రిజ్‌లో కూర గిన్నె మీద కూడా తేదీ, టైము ఉంటాయి నాయనా. తీసినవారు అన్నచోట ఎప్పుడూ నా పేరే ఉంటుంది, తిన్నది ఎవరైనా సరే." (నవ్వులు) మాస్టారూ, తల దించుకోకండి, మేమంతా మీ పక్షమే.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇందాక డైరెక్టరు గారు నన్ను పిలుస్తూ, నిజాయితీకి మారుపేరు అన్నారు. ఆయన తప్పేం లేదు, పదకొండేళ్ళుగా ఈ భవనంలో అందరూ అదే అంటున్నారు. ఎందుకంటున్నారో ప్రతి బ్యాచ్‌కీ మొదటి రోజే తెలుస్తుంది.

అప్పట్లో నేను బట్టలకు రంగులద్దే ఫ్యాక్టరీలో మురుగునీటి ప్లాంటు చూసేవాణ్ణి. కోర్సుకి వచ్చాను. మన వెనక కాలువ ఉంది కదా, అది ముందు లారీలు కడిగే షెడ్డు పక్కనుంచి వచ్చి, మన క్యాంటీను దాటి, ల్యాబు దాటి, వెనక గేటు దగ్గర బయటికి పోతుంది. మాకిచ్చిన పరీక్ష ఏమిటంటే, షెడ్డుకి పైన ఒక సీసా, వెనక గేటు దగ్గర ఒక సీసా నింపి, ల్యాబులో చూసి, కాలువను పాడుచేస్తున్నది ఎవరో చెప్పాలి. జవాబు అందరికీ తెలిసిందే. అప్పటికి తొమ్మిదేళ్ళుగా ప్రతి బ్యాచ్‌కీ పై సీసా శుభ్రంగా, కింది సీసా యాసిడ్‌తో వచ్చేది. లారీ షెడ్డే దోషి. షెడ్డు మేస్త్రి గారికి ఏటా నోటీసులు వెళ్ళేవి. "అమ్మా, మేం యాసిడ్ వాడటం మానేసి ఏళ్ళయింది" అని ఆయన మొత్తుకునేవారు. ఎవరూ నమ్మేవాళ్ళు కాదు.

నా రెండు సీసాలూ శుభ్రంగా వచ్చాయి. షెడ్డు వల్ల నీటిలో ఏ మార్పూ లేదని రాసిచ్చాను. మేడం గారు సున్నా వేశారు. రీడింగు అదే వచ్చింది, నేనేం చెయ్యను అని గట్టిగా వాదించాను. కోర్సు తప్పాను. ఫ్యాక్టరీలో నాకు రావలసిన ప్రమోషను నా కిందివాడికి వెళ్ళింది.

వారం తిరక్కుండా మేడం గారు మా ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చారు. షిఫ్టు మారే వేళ, మా వాళ్ళంతా అక్కడే ఉన్నారు. "నీకు సున్నా వెయ్యడం నా తప్పు. షెడ్డు నిర్దోషి. యాసిడ్ మా ల్యాబు నుంచే వస్తోంది" అన్నారు. ఎనభై అడుగులకో సీసా చొప్పున కాలువ పొడుగునా నలభై ఒక్క సీసాలు తనే నింపుకుని చూశారట. ల్యాబు కొత్తగా కట్టినప్పుడు సింకు గొట్టాన్ని శుద్ధిచేసే తొట్టికి కలపకుండా పొరపాటున కాలువకి కలిపేశారు. కాలువలను ఎలా కాపాడాలో నేర్పే భవనమే తొమ్మిదేళ్ళు ఆ కాలువలోకి యాసిడ్ వదిలింది. ల్యాబు నేల తవ్వించి గొట్టం మార్పించారు. షెడ్డుకి వెళ్ళి మేస్త్రి గారికి క్షమాపణ చెప్పారు. మేస్త్రి గారు మూడో వరుసలో ఉన్నారు, నమస్కారమండీ.

ఇంత చేసి, కోర్సు మాత్రం మళ్ళీ మొదటి నుంచీ చెయ్యాల్సిందే అన్నారు. తప్పు ఒప్పుకుంది గానీ మార్కు మాత్రం ఇవ్వదు, ఎంత మొండి మనిషో అని నేను ఊరంతా చెప్పుకు తిరిగాను. అయిదారేళ్ళు ఆవిడ ముందే ఆ మాట అని ఆటపట్టించాను. ఆవిడ నవ్వేసి క్లాసుకి వెళ్ళిపోయేవారు.

అప్పటినుంచీ ప్రతి బ్యాచ్‌కీ మొదటి క్లాసులో ఆవిడ ఈ కథ చెప్తారు. కోర్సు మళ్ళీ చేసి పాసై, మేడం గారే పిలిస్తే నేనిక్కడ ఉద్యోగంలో చేరాక, కథ అవగానే క్లాసంతా నావైపు తిరిగేది. నేను వినయంగా తల దించుకునేవాణ్ణి. ఆ దించుకోవడం బాగా సాధన చేశాను. (నవ్వులు) టీ వేళ వచ్చి చేతులు కలిపేవారు. ఒకమ్మాయి ఉత్తరం రాసింది. "మా మేనేజరు రీడింగు మార్చమన్నారు, మీరు గుర్తొచ్చారు సార్, మార్చలేదు, ఉద్యోగం పోయేంత పనయింది" అని.

(మంచినీళ్ళు తాగి)

నేను సీసాలు నింపాల్సిన ఆ రోజు ఎండ మండిపోతోంది. వెనక గేటు నుంచి షెడ్డు పైదాకా నడిస్తే పద్నాలుగు నిమిషాలు. నేను క్యాంటీను నీడలో నిలబడి, టీ తాగుతూ, రెండు సీసాలూ అక్కడే నింపేశాను. రెండూ ఒక్క నీళ్ళే, తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది? సున్నా వచ్చాక నిజం చెప్పే ధైర్యం లేక వాదించాను. నా నిజాయితీ అంతా అదే. అమ్మా, వెనక నిలబడ్డావు, ఉత్తరం రాసింది నువ్వే. నువ్వు చేసింది నిజమైన పని. నన్ను చూసి చేశానని మాత్రం ఇక అనుకోకు, అది పూర్తిగా నీదే.

ఇదంతా ఇవాళ ఎందుకు చెప్తున్నానంటే, రేపటినుంచీ ఆవిడ కుర్చీ నాది. పోయిన సోమవారం పాత ఫైళ్ళన్నీ నాకు అప్పగించారు. అందులో ఒక అట్టముక్క, దానిమీద అంటించిన నా రెండు లేబుళ్ళు. పై చోటు, పది నలభై. కింది చోటు, పది నలభై మూడు. రెండు టైములకీ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి ఉన్నాయి. కింద ఆవిడ చేతిరాత: "నడక పద్నాలుగు నిమిషాలు. కాబట్టి రెండూ ఒకచోటివే. ఈ మనిషి ఎండలో నిలబడడు, క్యాంటీను నీడే. షెడ్డు దాటి వచ్చాక కూడా అక్కడ నీరు శుభ్రంగా ఉంటే షెడ్డు తప్పేముంది?" తేదీ నాకు సున్నా వేసిన మర్నాటిది.

అడ్డంగా దొరికిపోయి పదకొండేళ్ళయింది, ఆ సంగతి నాకు మొన్నే తెలిసింది. నిన్న వెళ్ళి అడిగాను.

"తెలిసి కూడా నా గురించి అంత గొప్పగా ఎందుకు చెప్పారు మేడం?"

"నీ గురించి నేనేం చెప్పాను? నా తప్పు చెప్పుకున్నాను. కాగితం మీది జవాబు నమ్మి కాలువను చూడలేదని. నువ్వు మంచివాడివని ఎప్పుడైనా అన్నానా, గుర్తు చేసుకో."

గుర్తు చేసుకున్నాను. ఒక్కసారి కూడా అనలేదు. (నవ్వులు)

"మరి నన్ను అడగలేదేం?"

"ఎవరి తప్పు వాళ్ళ నోటితోనే రావాలి. నాకు వారం పట్టింది. నీకెంత పడుతుందో చూద్దామనుకున్నా. నేను రిటైరయ్యేదాకా లాగావు."

"అలాంటివాణ్ణి ఈ ఉద్యోగానికి ఎందుకు పిలిచారు?"

"రెండోసారి కోర్సుకి వచ్చినప్పుడు ప్రతి సీసాకీ నడిచావు. ఆ లేబుళ్ళు కూడా చూశాను."

మేడం, మీటరును రోజూ పొద్దున్నే సరిచూస్తాం గదా, మనల్ని మూడేళ్ళకోసారైనా సరిచూసుకోవద్దా అని మీరు ప్రతి బ్యాచ్‌నీ అడిగేవారు. నన్ను మీరు రోజూ చూస్తూనే ఉన్నారు, నేనే అద్దం ముందుకు రాలేదు. మీరంటే నాకు భయం అని అందరూ అనుకుంటారు. భయం కాదు, ప్రేమ. ఇన్నాళ్ళూ చెప్పలేదు, ఇవాళ ఎలాగూ పరువు పోయింది కాబట్టి అది కూడా చెప్పేస్తున్నాను.

రేపు తొమ్మిదింటికి కొత్త బ్యాచ్, ఇరవై నలుగురు. మొదటి క్లాసులో మీ తప్పు మీరు చెప్పినట్టే చెప్తాను, దాని వెనకాలే నాది చెప్తాను. అట్టముక్క గోడకి బిగించేశాను.

అందరూ కలిసి మీకు మంచి కుర్చీ కొన్నారు, అది డైరెక్టరు గారు ఇస్తారు. నేను విడిగా ఇంకొకటి తెచ్చాను. (సంచిలోంచి రెండు సీసాలు తీసి) మీకు ఈ రెండు సీసాలూ బాకీ ఉన్నాను. ఏమిటి మేడం? వినపడలేదు... మంచులో పెట్టావా అంటున్నారు. (నవ్వులు) పెట్టాను మేడం, ఇప్పుడే తీశాను.

లేబుళ్ళు చదువుతాను. లారీ షెడ్డుకి పైన, ఇవాళ ఉదయం ఎనిమిదీ పది. వెనక గేటు దగ్గర, ఎనిమిదీ ఇరవై నాలుగు. తీసినవారు, నేను.

సభ పెట్టినవారికీ, ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. మేస్త్రి గారూ, రేపు పొద్దున్న మా ఇరవై నలుగురూ మీ షెడ్డు దాకా నడిచి వస్తారు, కాస్త దారివ్వండి. మేడం, మీ గడియారం మీరు తీసుకోవచ్చు. సెలవు.