లక్ష్మన్న సార్‌కు వచ్చిన ఎమెరిటస్

ధర్మవరం స్టేషన్ ఎదురుగా ఖాజాసాబ్ టీ అంగట్లో లక్ష్మన్న సార్ గ్లాసు పట్టుకున్నాడంటే సుభాన్‌కు పండగే. పట్టుకు రంగులద్దే సుభాన్‌కు పొద్దంతా చేతులకే పని, సార్ కోతలు వినేటప్పుడే నోటికి పని. సార్ యూనివర్సిటీ ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి, పోయినేడు రిటైరై సొంతూరు చేరాడు.

"సార్, మీకు అదేందో బిరుదు ఇచ్చినారంట?" అని ఎగదోశాడు సుభాన్.

"ఎమెరిటస్ అప్పా. అంటే రిటైరైనా రిటైర్ కానట్టు. జీతం ఆగిపోతాది, మర్యాద మాత్రం చచ్చేదాకా నడుస్తానే ఉంటాది. ప్రొఫెసర్లకూ ఇస్తారు, మాబోటి ఆఫీసోళ్లకూ ఇస్తారు. మొన్న ఊరికే పాతోళ్లను చూసొద్దామని పోతినా, గేటుకాడ వాచ్‌మన్ సలాం కొట్టె. సరే, అది మామూలేలే. లోపలికి పోతే నా కుర్చీ ఖాళీగా ఉండాది, ఎవరన్నా కూర్చుంటే ఒట్టు! ఆ తర్వాత ఏమాయనో తెలుసునా? వైస్ ఛాన్సలరే పరిగెత్తుకోనొచ్చి, నేను కూర్చోమనేదాకా నిలబడే ఉండె."

"ఎంతసేపు సార్?" అన్నాడు మగ్గం నేసే కుళ్ళాయప్ప.

"నాకు గ్యాపకమొచ్చేదాకా! తిరిగొచ్చేటప్పుడు ఆయన కారే ఇచ్చి పంపె. పెనుకొండ రైల్వే గేటుకాడికొస్తే గేటు వేసుండాది. మనమా ఆగేది? కార్లో ఎవరుండారో చూసి రైలే ఆగె. రైలు డ్రైవరు బొగ్గు మసి తుడుచుకుంటా దిగొచ్చి, 'మీరు పోండి సార్, బెంగుళూరు యాడికీ పోదు' అనె."

ఖాజాసాబ్ టీ వడగడుతూ నవ్వు మింగాడు.

"ఇంగా ఉండాది, ఇనండి. ఇంత మర్యాద జరిగినాక బసవన్నకు ఒక మాట చెప్పి పోదామని లేపాక్షికి తిప్పమంటి. నన్ను చూస్తానే ఆ రాతి బసవన్న ముందుకాళ్లు కూడదీసుకోని లేయబోయె! 'వద్దు సామీ, ఇన్నేండ్లు కూర్చున్నోడివి, కూర్చో' అని నేనే మెడ నిమిరితి."

అంగడంతా గొల్లుమంది. సుభాన్‌కు ఇంకొంచెం నవ్వించాలనిపించింది.

"సార్, ఆ ఎమెరిటస్‌కు పేర్లు రాసి పైకి పంపేది ఎవరు?"

"ఇంగెవరు? నేనే! ఎవరు ఎప్పుడు రిటైరయ్యేది చూసి, ముందే రాసి పంపాల. పంపితేనే ఇస్తారు. లేకుంటే ఎంత పెద్ద ప్రొఫెసరైనా ఉత్తచేతుల్తో పోవాల్సిందే. ఎంతమందికి పంపినానో! ఆఫీసు మొత్తంలో ఆ పని తెలిసినోన్ని నేనొకన్నే."

"మరి మీరు రిటైరైనప్పుడు మీ పేరు ఎవరు పంపినారు సార్?"

"నా పేరా..." అని లక్ష్మన్న సార్ చేతిలోని గ్లాసు కింద పెట్టాడు. నవ్వబోయిన కుళ్ళాయప్ప పక్కకు తిరిగి బీడీ వెతుక్కున్నాడు.

అన్న మాట వెనక్కు తీసుకునే దారుంటే బాగుండుననిపించింది సుభాన్‌కు. "ఆ డ్రైవరు ఇంగేమనె సార్?" అంటూ కథను మళ్లీ అందించబోయాడు.

"ఎవరో ఒకరికి తోస్తాదనుకుంటినప్పా," అన్నాడు సార్ మెల్లగా. "నా పేరు నేనే రాసుకుంటే ఏం బాగుంటాది?"