వేర్లు లేని మొక్కలు

"తాతా, నిన్ను తనిఖీ పనిలకెళ్లి తీసి రికార్డు రూముల ఎందుకేసిండ్రు?" అని అడిగితివి గద బిడ్డా. మీ నాయనకు సుత పూరా చెప్పలే నేను. కూసో, చెప్త. జర ఆ కిటికి ఎయ్యి, మెట్రో పోతుంటే నా మాట నాకే ఇనరాదు.

గప్పుడు నేను పర్యావరణం ఆఫీసుల ఇన్‌స్పెక్టరును. ఆఫీసు సోమాజిగూడల. గీ అమీర్‌పేట కెళ్లి నడుసుకుంటనే పోతుంటి. మీ నానమ్మ టిఫిన్ కట్టిచ్చేది, పంజాగుట్ట చౌరస్తల మూడు రూపాయలకు చాయ్ తాగేటోన్ని. గిప్పుడు గదే చాయ్ ఇరవై అంటుండ్రు. సరే, గది ఇడిసిపెట్టు.

గోదావరి దిక్కు ఒక బొగ్గు గని ఉండె. పేరెందుకులే. బొగ్గు అయిపోయి మూతపడి నాలుగేండ్లు... కాదు కాదు, ఐదేండ్లు. మీ అత్త పెండ్లయిన ఏడే మూసిండ్రు. కంపెనీ కాయిదంల ఏమున్నదంటే, గుంత పూడ్చినం, తవ్వేటప్పుడు తీసి దాసిన పైమట్టి మల్ల పరిసినం, వేల మొక్కలు పెట్టినం, సుట్టు కంచె ఏసినం అని. గిది నిజమో కాదో చూసి రమ్మని నన్ను తోలిండ్రు.

పోయిన. మేనేజరు ఏసీ కారుల కూసుండవెట్టి గుట్ట మీదికి తీస్కపోయిండు. అక్కడికెళ్లి చూస్తే పచ్చగ వరుసలే వరుసలు. నాకు సుత సంబురమైంది, అబద్ధమెందుకు. "ఎండ మస్తున్నది సార్, గెస్ట్ హౌసుల భోజనం రెడీ" అన్నడు. నేను తిననీకి వచ్చిన్నా, చూడనీకి వచ్చిన్నా? కారు దిగి కిందికి నడిసిన.

అక్కడ ఒకామె మేకలు కాస్తున్నది. రాజవ్వ అంటరు. గీ గని కింద పోయిన భూములల్ల రెండెకరాలు ఆమెయే. నన్ను చూసి లేవలే సుత. "మొక్కలు చూడొచ్చినవా సారూ?" అన్నది. అవునవ్వా అన్న. ఆమె వంగి, ఒక మొక్కను రెండు వేళ్లతోని పట్టి గుంజింది. అల్కగ ఊడొచ్చింది. వేరే లేదు బిడ్డా. ఉత్త కొమ్మ. ఏప కొమ్మలు నరుక్కొచ్చి గుచ్చిండ్రు.

"మొన్న ట్రాక్టర్ల తెచ్చిండ్రు. ఎల్లుండికి ఎండుతయ్" అన్నది. ఏదో వాన సంగతి చెప్పినట్టు చెప్పింది, చూడు. గక్కడ కాలింది నాకు.

"గుంత సుత చూద్దువు రా" అని తీస్కపోయింది. పూడ్చింది లేదు, కంచె లేదు. నిలువు గోడలు, అడుగున నల్లటి నీళ్లు. ఆమె బర్రె అండ్లనే పడి సచ్చిందట. "బర్రె పోతే పోయింది సారూ, బడి పిల్లలు గీ అంచు పొంటే నడుస్తరు" అన్నది. పైమట్టి ఏదవ్వా అంటే నవ్వింది. గా రాళ్ల గుట్ట కిందనే ఎక్కడ్నో ఉన్నదట. ప్రభువు సాక్షిగ చెప్తున్న, కెమెరా తీసి గుంత నాలుగు దిక్కుల ఫోటోలు కొట్టిన.

వచ్చి ఉన్నదున్నట్టు రాసిన, ఫోటోలు పెట్టిన. మా పెద్దసారు పిలిచిండు. ఆయన మాట మెత్తగ ఉంటది. "ఏంటి దేవదానం గారూ, ఇంత ఘాటుగా రాస్తే ఎలాగండీ? పనులు పురోగతిలో ఉన్నాయని మార్చండి" అన్నడు.

"ఏది సార్ పురోగతిల ఉన్నది, గుంతనా?" అన్న.

"మీకింకా రెండేళ్లేగా సర్వీసు. ఎందుకీ గొడవ?"

నేను సంతకం పెట్టలే. వారం తిరగకముందే రికార్డు రూములకు తోలిండ్రు. నా జాగల ఇంకొకాయన పోయిండు, కారు దిగకుంటనే చూసిండు, సంతకం పెట్టిండు. గట్ల కొమ్మలన్ని మొక్కలైపోయినయ్, కాయిదం మీద.

నేనూకుంటనా? పంజాగుట్టల ఒక హాలుల మీటింగు పెట్టిండ్రు. గని మూసే పని పూర్తయిందని కంపెనీకి కాయిదం ఇచ్చేటందుకు. అభ్యంతరం ఉన్నోళ్లు వచ్చి చెప్పొచ్చని నోటీసుల ఉండె. నేను రాజవ్వకు కబురు పంపిన. ఊరోళ్లు పది మంది వచ్చిండ్రు. పొద్దుగాల బస్సు దిగి మనింట్లనే మొఖాలు కడుక్కున్నరు. మీ నానమ్మ గంజెడు ఉప్మా చేసింది, ఎవ్వరు ఏంది అని అడగలే, మంచిది మీ నానమ్మ.

రాజవ్వ గోనెసంచి మోసుకొచ్చింది. హాలుల అందరి ముంగట టేబుల్ మీద కుమ్మరించింది. ఎండిన కొమ్మలు. "వేరున్నది ఒక్కటి చూపియ్యుండ్రి, మేం పోతం" అన్నది. పెద్దసారు నా దిక్కు చూసిండు, కూసో అన్నట్టు. నేను లేసిన. "ఆమె చెప్పింది నిజం సార్, నేను నా కండ్లతోని చూసిన" అన్న.

కాయిదం ఆగింది. నాలుగు నెలలకు గుంత సుట్టు కంచె పడ్డది. గంతే. పూడ్చలే. మట్టి పరవలే. రాజవ్వ తన భూమిల మల్ల ఒక్క గింజ ఏయకనే సచ్చిపోయింది. కారు దిగనాయనకేమో ప్రమోషన్. గిదెక్కడి న్యాయం బిడ్డా? తలుసుకుంటే ఇప్పటికి సుత అన్నం సయించదు నాకు.

నాదేం ఫికర్ లేదు. రెండేండ్లు దుమ్ముల కూసున్న, దగ్గిన, బయటికొచ్చిన. నిద్రయితే మంచిగనే పట్టింది.

ప్రభువు నిన్ను సల్లగ చూడాలె తల్లీ. రేపు ఏ కొలువు చేసినా నీ పెన్ను ఎవ్వరికి భయపడొద్దు. నడిసే కాళ్లు, చూసే కండ్లు నీకు ఎన్నటికి ఉండాలె... ఇగ జర మంచినీళ్లియ్యి, గొంతు ఎండింది...